రిపోర్ట్‌లో ‘సినాప్టోఫైసిన్ పాజిటివ్’ అని ఉంటే దానర్థం ఏంటి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పదం గురించి. స్క్రీన్ మీద చూడండి... సినాప్టోఫైసిన్. పలకడం కష్టంగా ఉంది కదా? పర్లేదు. వీడియో అయ్యేసరికి మీ నాలుక మీద ఆడుతుంది.

ముందు ఒక పరిస్థితి ఊహించుకుందాం. 23 ఏళ్ల కుర్రాడు. అర్ధరాత్రి కడుపునొప్పి, ఆస్పత్రికి తీసుకెళ్తే అపెండిక్స్ అన్నారు, ఆపరేషన్ చేశారు. నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేశాడు. తీసేసిన అపెండిక్స్‌ని మామూలుగానే ల్యాబ్‌కి పంపుతారు. కొన్నాళ్ల తర్వాత ఫోన్‌కి పీడీఎఫ్ వచ్చింది. తెరిచి చూస్తే ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, సినాప్టోఫైసిన్ పాజిటివ్’ అని ఉంది. వెంటనే ఏం చేస్తాడు? మనందరం చేసేదే. గూగుల్‌లో కొడతాడు. ‘మెదడులోని నరాల కణాల్లో ఉండే ప్రోటీన్’ అని వస్తుంది. కడుపులో తీసిన ముక్కలో మెదడు ప్రోటీన్ ఏంటి? అది ‘పాజిటివ్’ ఏంటి? క్యాన్సర్ మెదడుకి పాకిందా? ఆ రాత్రి ఇంక నిద్ర పట్టదు.

ఆ కుర్రాడికి నిద్ర పట్టాలంటే ఆ ఒక్క ‘పాజిటివ్’ వెనక ఏం జరిగిందో తెలియాలి. ఆ మాట ఏం చెప్తోంది, ఏం చెప్పట్లేదు, దాన్ని ఎప్పుడు నమ్మాలి. ఈ మూడూ చూద్దాం.

‘న్యూరోఎండోక్రైన్’ అన్న మాట మన దేశంలో చాలామంది మొదటిసారి విన్నది 2018 మార్చిలో. నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉందని ట్విటర్‌లో చెప్పారు. అప్పటికే చాలామంది బ్రెయిన్ ట్యూమర్ అని ప్రచారం మొదలుపెట్టారు. న్యూరో అంటే ప్రతిసారీ మెదడే కాదని ఆయనే రాయాల్సొచ్చింది. యాపిల్ స్టీవ్ జాబ్స్‌కి 2003లో బయటపడింది కూడా ఈ జాతి ట్యూమరే, పాంక్రియాస్‌లో. అంటే ఇది పేగుల్లో రావచ్చు, పాంక్రియాస్‌లో రావచ్చు, ఊపిరితిత్తుల్లో రావచ్చు. మరి పేరులో ‘న్యూరో’ ఎందుకుంది? దానికి జవాబు మన సినాప్టోఫైసిన్‌లోనే ఉంది.

మెదడు దగ్గర్నుంచి మొదలుపెడదాం. ఒక నరాల కణం ఇంకో కణానికి కబురు పంపాలి. రెండింటి మధ్య సన్నని సందు ఉంటుంది, దాన్ని సినాప్స్ అంటారు. కరెంటు ఆ సందు దాటలేదు. అందుకని మొదటి కణం ఒక రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది. ఆ రసాయనం ముందే ప్యాక్ చేసి రెడీగా పెట్టి ఉంటుంది. ఆ ప్యాకెట్లే సినాప్టిక్ వెసికిల్స్. ఒక్కోటి దాదాపు 40 నానోమీటర్లు. అంటే ఒక తలవెంట్రుక మందంలో ఇలాంటివి రెండు వేలు పక్కపక్కన పెట్టొచ్చు.

పొద్దున్నే గుమ్మం దగ్గర పాల ప్యాకెట్ పడుతుంది చూశారా, అలా అనుకోండి. లోపల పాలు, పైన కంపెనీ ముద్ర. వెసికిల్ లోపల ఉండే రసాయనం పాలు. వెసికిల్ పొర మీద ఉండే సినాప్టోఫైసిన్ ఆ ముద్ర. ఒక్కో వెసికిల్ మీద ఇది సుమారు 30 కాపీలు ఉంటుందని 2006లో లెక్కగట్టారు. అంత చిన్న సంచి మీద 30 అంటే తక్కువేం కాదు. అందుకే వెసికిల్స్‌ని వెతకాలనుకున్నవాళ్లకి ఇది దొరికింది.

ఇప్పుడు కడుపులోకి వద్దాం. మన పేగుల గోడలో, పాంక్రియాస్‌లో, ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా కొన్ని ప్రత్యేకమైన కణాలుంటాయి. వాటి పని హార్మోన్లు తయారుచేసి, దాచిపెట్టి, సమయం వచ్చినప్పుడు వదలడం. ఇన్సులిన్ ఇచ్చే కణాలు కూడా ఈ కోవలోవే. అంటే ఇవి కూడా ప్యాకెట్ల వ్యాపారమే చేస్తాయి. నరాల కణం వాడే ముద్ర వీటిలోని చిన్న వెసికిల్స్ మీద కూడా ఉంటుంది. నరాల కణంలా ప్యాక్ చేస్తుంది కాబట్టి న్యూరో, హార్మోన్లు ఇస్తుంది కాబట్టి ఎండోక్రైన్. అంతే. మెదడు నుంచి ఏదీ రాలేదు, మెదడుకి ఏదీ వెళ్లలేదు. ఆ కుర్రాడి మొదటి భయానికి ఇక్కడే జవాబు దొరికింది.

సరే, ఈ ముద్రని ఎవరు కనిపెట్టారు? 1985లో రెండు బృందాలు దాదాపు ఒకేసారి దీని మీద రిపోర్ట్ చేశాయి. న్యూయార్క్‌లో రైన్‌హార్ట్ యాన్, పాల్ గ్రీన్‌గార్డ్ బృందం దీన్ని ‘పీ38’ అంది, బరువు 38 కిలోడాల్టన్లు కాబట్టి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బెర్ట్రామ్ వీడెన్‌మన్, వెర్నర్ ఫ్రాంకె దీనికి సినాప్టోఫైసిన్ అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచింది. పశువుల మెదడు నుంచి వెసికిల్స్ తీసి, వాటితో ఒక యాంటీబాడీ తయారుచేశారు. దాని పేరు ఎస్‌వై38. మరుసటి ఏడాది, 1986లో, ఇంకో పేపర్ వచ్చింది. ఈ యాంటీబాడీ మనుషుల న్యూరోఎండోక్రైన్ కణాలనీ, వాటి నుంచి వచ్చే ట్యూమర్లనీ కూడా గుర్తుపడుతోందని చూపించారు. మెదడు పరిశోధన కోసం పుట్టిన సరుకు అలా ఏడాదిలో క్యాన్సర్ ల్యాబ్‌కి చేరింది. వీడెన్‌మన్ తర్వాత బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రిలో ఈ ట్యూమర్లున్న పేషెంట్లకే వైద్యం చేస్తూ పేరు తెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. యాంటీబాడీ అనగానే కోవిడ్ టైమ్‌లో మనం చేయించుకున్న రక్తపరీక్ష గుర్తొస్తుంది. ఇది అది కాదు. పేషెంట్ ఒంట్లో తయారైన యాంటీబాడీ గురించి మనం మాట్లాడట్లేదు. ఇది బాటిల్లో కొనుక్కొచ్చే ల్యాబ్ సరుకు. పేషెంట్ కణజాలంలో సినాప్టోఫైసిన్ ఉందా లేదా అని వెతకడానికి వాడే పనిముట్టు.

ఆ పనిముట్టు ఎలా తయారవుతుంది? ఒక ఎలుకకి బయటి ప్రోటీన్ ఇంజెక్ట్ చేస్తే దాని ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. ఒకటి కాదు, రకరకాలుగా. ఒక్కో బీ కణం ఒక్కో రకాన్ని తయారుచేస్తుంది. ఆ కణాన్ని బయటికి తీస్తే త్వరగా చచ్చిపోతుంది. 1975లో కేంబ్రిడ్జ్‌లో గేయోర్గ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఒక ఉపాయం చేశారు. ఎలుక ప్లీహం నుంచి తీసిన బీ కణాన్ని, ఆగకుండా పెరిగే ఒక క్యాన్సర్ కణంతో కలిపేశారు. కలిసి పుట్టిన కణం రెండు పనులూ చేస్తుంది. ఒకే రకం యాంటీబాడీ ఇస్తుంది, చావకుండా పెరుగుతూనే ఉంటుంది. దీన్నే మోనోక్లోనల్ అంటారు. దీనికి 1984లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు ల్యాబుల్లో సినాప్టోఫైసిన్ కోసం ఎస్‌పి11, 27జి12 లాంటి వేరే క్లోన్లు వాడుతున్నారు. క్లోన్ అంటే ఒకే కణం నుంచి వచ్చిన వంశం అన్నమాట. ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కానీ ఒకే ప్రోటీన్‌కి బజార్లో చాలా యాంటీబాడీలుంటాయనీ, అన్నీ ఒకేలా పనిచేయవనీ గుర్తుంచుకోండి. ఇది ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు ల్యాబ్ లోపలికి వెళ్దాం. నాకు బాగా నచ్చే భాగం ఇదే.

ఆపరేషన్లో తీసిన ముక్కని వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేస్తారు, కుళ్లిపోకుండా. తర్వాత దాన్ని మైనం దిమ్మలో పెడతారు. దాన్నే బ్లాక్ అంటారు. ఆ దిమ్మని 3, 4 మైక్రాన్ల మందంతో పొరలుగా కోసి గాజు స్లైడ్ మీద అతికిస్తారు. మొదట ప్రతి స్లైడ్‌కీ వేసేది మామూలు గులాబీ, ఊదా రంగులే. పాథాలజిస్ట్ మైక్రోస్కోప్‌లో చూసి, ఈ కణాలు గుంపులుగా, రిబ్బన్లలా ఉన్నాయి, కేంద్రకంలో ఉప్పూ మిరియాలు చల్లినట్టుంది అనుకుంటారు. నిజంగానే పాథాలజీ పుస్తకాల్లో అలాగే అంటారు, ఉప్పూ మిరియాలు అని! అప్పుడు అనుమానం వస్తుంది, ఇది న్యూరోఎండోక్రైన్ ఏమో అని. ఆ అనుమానం తీర్చుకోవడానికి సినాప్టోఫైసిన్ స్టెయిన్ అడుగుతారు.

కానీ ఒక చిక్కుంది. ఫార్మలిన్ కణాల్ని కాపాడుతుంది గానీ, ప్రోటీన్లని ఒకదానికొకటి ముడేసేస్తుంది. యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటు ఆ ముడుల్లో దాక్కుంటుంది. 1991లో అమెరికాలో కొందరు పరిశోధకులు స్లైడ్‌ని ద్రవంలో ఉంచి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఆ చోటు మళ్లీ తెరుచుకుంటుందని చూపించారు. తర్వాత ల్యాబులు ఇంకో పరికరం పట్టాయి. ఏంటో తెలుసా? ప్రెషర్ కుక్కర్! అవును, మన వంటింట్లో పప్పు ఉడికించే కుక్కర్ సూత్రమే. సిట్రేట్ బఫర్‌లో స్లైడ్లు పెట్టి, మూత బిగించి, ప్రెషర్ వచ్చాక నిమిషాలు లెక్కపెడతారు. పెద్ద ల్యాబుల్లో ఇప్పుడు మెషీన్లే ఈ పని చేస్తున్నాయి, కానీ కుక్కర్ వాడే ల్యాబులు ఇంకా ఉన్నాయి. తక్కువ ఉడికితే యాంటీబాడీ అంటుకోదు. మరీ ఎక్కువైతే కణజాలమే లేచొచ్చేస్తుంది. పప్పుతో పోలిక ఊరికే చెప్పలేదు.

తర్వాత యాంటీబాడీ వేస్తారు. అది వెళ్లి సినాప్టోఫైసిన్‌ని పట్టుకుంటుంది. పట్టుకుంది సరే, మనకి కనిపించాలి కదా? అందుకని ఆ యాంటీబాడీని పట్టుకునే ఇంకో యాంటీబాడీ వేస్తారు, దానికి ఒక ఎంజైమ్ తగిలించి ఉంటుంది. ఆ ఎంజైమ్ వచ్చేది హార్స్‌రాడిష్ అనే దుంప నుంచి. అది మన ఆవాలు, ముల్లంగి కుటుంబమే. చివరగా డీఏబీ అనే రసాయనం వేస్తే, ఎంజైమ్ ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. మిగతా కణాలు కనిపించడానికి నీలం రంగు అద్దుతారు. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, నీలం మధ్యలో కాఫీ రంగు కణాల గుంపు. ‘పాజిటివ్’ అంటే ఇదే. కాఫీ రంగు వచ్చింది. అంతకంటే ఏమీ లేదు.

మళ్లీ పాల ప్యాకెట్ దగ్గరికి వద్దాం. ఒకరి ఇంట్లో ఫలానా కంపెనీ ముద్రున్న ప్యాకెట్ కనిపించింది. మీకేం తెలిసింది? ఆ ఇంట్లోకి ఆ కంపెనీ పాలు వస్తున్నాయని తెలిసింది. పాలు విరిగాయా బాగున్నాయా తెలిసిందా? లేదు. అలాగే సినాప్టోఫైసిన్ పాజిటివ్ అంటే ఈ ట్యూమర్ కణాలు న్యూరోఎండోక్రైన్ జాతివి అనడానికి ఒక సాక్ష్యం. అది మంచిదా చెడ్డదా, నెమ్మదిగా పెరుగుతుందా వేగంగా పెరుగుతుందా, వేరేచోటికి పాకిందా లేదా... ఇవేవీ ఆ కాఫీ రంగు చెప్పదు.

ఎంత చెప్పదో ఒక ఉదాహరణతో చూడండి. అపెండిక్స్ చివర అర సెంటీమీటర్ ఉండే చిన్న న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. ఇలాంటివి చాలాసార్లు వేరే కారణంతో అపెండిక్స్ తీసినప్పుడు అనుకోకుండా బయటపడతాయి, అదీ వయసులో ఉన్నవాళ్లలో. సెంటీమీటర్‌లోపు ఉండి, పూర్తిగా తీసేసి ఉంటే ఎక్కువమందికి ఆ ఆపరేషన్‌తోనే పని అయిపోతుంది. ఇంకోవైపు ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్, చాలా వేగంగా పాకే జబ్బు. ఈ రెండింటిలోనూ సినాప్టోఫైసిన్ పాజిటివ్ రావచ్చు. అదే యాంటీబాడీ, అదే కాఫీ రంగు. జబ్బులు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

మరి తేడా ఎలా చెప్తారు? మొదటిది, కణాల రూపం. రెండోది, ఎన్ని కణాలు విడిపోతున్నాయన్న లెక్క. దీనికి ఇంకో యాంటీబాడీ ఉంది, కేఐ-67 అంటారు. జర్మనీలోని కీల్ నగరంలో పుట్టింది కాబట్టి కేఐ, 67 అనేది దాని క్లోన్ నంబర్. పెరుగుతున్న కణాల కేంద్రకంలో ఇది రంగు చూపిస్తుంది. పేగుల్లో, పాంక్రియాస్‌లో వచ్చే, రూపం బాగా తీర్చినట్టున్న న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లలో 100 కణాలకి 3 కంటే తక్కువ రంగు తేలితే గ్రేడ్ 1, 3 నుంచి 20 అయితే గ్రేడ్ 2, 20 దాటితే గ్రేడ్ 3. విభజన మధ్యలో ఉన్న కణాల లెక్క కూడా దీంతో కలిపి చూస్తారు. కాబట్టి ఆ కుర్రాడు పీడీఎఫ్‌లో సినాప్టోఫైసిన్ దగ్గర ఆగిపోకూడదు. గ్రేడ్ ఎంత, సైజ్ ఎంత, అంచుల్లో ట్యూమర్ మిగిలిందా... కళ్లు వెళ్లాల్సింది అక్కడికి.

ఇప్పుడు మన మూడో ప్రశ్న. ఆ కాఫీ రంగుని ఎప్పుడు నమ్మాలి?

మన ఇళ్లల్లో ఖాళీ పాల ప్యాకెట్లని ఏం చేస్తారు? మా వీధిలో అయితే మట్టి నింపి కరివేపాకు మొక్క పెడతారు. ముద్ర ఉంది, పాలు లేవు. శరీరంలోనూ అలాంటి సందర్భాలున్నాయి. కిడ్నీ పైన అడ్రినల్ అనే గ్రంథి ఉంటుంది. దాని పైపొర నుంచి వచ్చే ట్యూమర్లు న్యూరోఎండోక్రైన్ కావు. అయినా వాటిలో చాలాసార్లు సినాప్టోఫైసిన్ పాజిటివ్ వస్తుంది. అదే గ్రంథి లోపలి భాగం నుంచి వచ్చే ఫియోక్రోమోసైటోమా మాత్రం నిజంగా న్యూరోఎండోక్రైన్. అదీ పాజిటివే. ఒక్క స్టెయిన్ చూసి తేల్చేస్తే ఒకదాన్ని ఇంకోటి అనుకునే ప్రమాదముంది. ఫియోక్రోమోసైటోమాలో బీపీ ఒక్కసారిగా పైకి దూసుకెళ్లొచ్చు, ఆపరేషన్‌కి ముందు జాగ్రత్తలే వేరు. అందుకే క్రోమోగ్రానిన్ అనే ఇంకో మార్కర్ కూడా వేస్తారు. అది పెద్ద హార్మోన్ రేణువుల్లో ఉండే ప్రోటీన్, పైపొర ట్యూమర్లలో రాదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్తే నమ్మకం పెరుగుతుంది కదా.

ఊపిరితిత్తుల మామూలు క్యాన్సర్లలో కూడా కొన్నింట్లో ఈ రంగు అక్కడక్కడా వస్తుంది. అందుకే మంచి పాథాలజిస్టులు ముందు రూపం చూసి, అనుమానం వస్తేనే స్టెయిన్ అడుగుతారు. కారణం లేకుండా పరీక్ష చేస్తే, జవాబు వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలీదు. ఇది జీవితంలో చాలా పరీక్షలకి వర్తిస్తుంది అనుకోండి.

ఇంకో జాగ్రత్త, కంట్రోల్. ఇది చాలా ముఖ్యం ఫ్రెండ్స్. పేషెంట్ స్లైడ్‌తో పాటు, జవాబు ముందే తెలిసిన ఇంకో స్లైడ్ కూడా అదే మెషీన్లో, అదే రోజు నడుపుతారు. సినాప్టోఫైసిన్‌కి అపెండిక్స్ గానీ పాంక్రియాస్ గానీ బాగా పనికొస్తుంది. అపెండిక్స్ గోడలో నరాల గుంపులుంటాయి, అవి కాఫీ రంగు రావాలి. పక్కనే ఉన్న కండర కణాలు, తెల్ల రక్తకణాలు రాకూడదు. రావాల్సినచోట రాకపోతే ఆ రోజు స్టెయిన్ ఫెయిల్, అప్పుడు పేషెంట్ స్లైడ్ మీద ‘నెగటివ్’ అన్న మాటకి విలువ లేదు. రాకూడని చోట వస్తే ‘పాజిటివ్’కి విలువ లేదు. రంగు కణంలో ఎక్కడొచ్చిందో కూడా చూస్తారు. ఇది వెసికిల్స్ ప్రోటీన్ కాబట్టి కణద్రవ్యంలో రావాలి. కేంద్రకంలో మాత్రమే వచ్చిందంటే ఎక్కడో తేడా కొట్టినట్టే.

ఆస్పత్రి ల్యాబుల్లో ఈ పద్ధతి స్థిరపడింది. కానీ పరిశోధన ల్యాబుల సంగతి? అక్కడ కథ అంత బాగాలేదు. యాంటీబాడీ బాటిల్ మీద ఒక ప్రోటీన్ పేరుంటుంది, లోపలున్నది పట్టుకునేది ఇంకో ప్రోటీన్‌ని కావచ్చు. కెనడాలోని మాంట్రియల్‌లో మొదలైన వైకారోస్ అనే ప్రాజెక్ట్ ఈ సంగతే పరీక్షించింది. నరాల శాస్త్రానికి సంబంధించిన 65 ప్రోటీన్ల కోసం బజార్లో అమ్ముతున్న 614 యాంటీబాడీలని వరసపెట్టి పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించింది. అనుకున్న ప్రోటీన్‌ని గుర్తుపట్టలేని యాంటీబాడీలు వాడి రాసిన పేపర్లు, సగటున ఒక్కో ప్రోటీన్‌కి సుమారు 12 ఉన్నాయని తేలింది. ఆ పేపర్లు నమ్మి ఎంతమంది పీహెచ్‌డీ స్టూడెంట్లు ఏళ్లు పెట్టారో ఆలోచించండి. మీలో ఎవరైనా బయోటెక్, లైఫ్ సైన్సెస్ చదువుతుంటే ఇది మీకోసమే చెప్తున్నాను. బాటిల్ లేబుల్‌ని నమ్మి ప్రయోగం మొదలుపెట్టొద్దు.

మరి ఎలా పరీక్షించాలి? అన్నిటికంటే గట్టి పద్ధతి, ఆ ప్రోటీనే లేని కణంలో యాంటీబాడీ వేసి చూడటం. రంగు రాకూడదు. వస్తే యాంటీబాడీ ఇంకేదో పట్టుకుంటోందని అర్థం. సినాప్టోఫైసిన్ విషయంలో ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1990ల మధ్యలో ఆ జీన్ తీసేసి ఎలుకల్ని పుట్టించారు. వెసికిల్స్ మీద ఇంత ఎక్కువగా ఉండే ప్రోటీన్ కదా, అది లేకపోతే మెదడు ఆగిపోతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ ఎలుకలు పుట్టాయి, పెరిగాయి, పిల్లల్ని కన్నాయి. సినాప్స్‌లో కబుర్లు నడుస్తూనే ఉన్నాయి. ప్యాకెట్ మీద ముద్ర లేకపోయినా పాలు అందుతున్నాయన్నమాట. దీని పనిని దీని చుట్టాలైన వేరే ప్రోటీన్లు కొంత చూసుకుంటాయి. కానీ యాంటీబాడీని పరీక్షించేవాళ్లకి ఆ ఎలుక మెదడు బంగారం. అసలు సినాప్టోఫైసిన్ లేని మెదడు చేతిలో ఉంది, అందులో రంగు వస్తే ఆ బాటిల్‌ని పక్కన పడేయొచ్చు.

ఇంత కష్టపడి సరైన యాంటీబాడీ తెచ్చుకుంటే ఏమొస్తుంది? ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నిజంగా మెదడు గురించే. అల్జైమర్స్‌లో మెదడులో మచ్చలు, చిక్కుముడులు కనిపిస్తాయి. మతిమరుపు ఎంతుందో ఈ మచ్చల్ని బట్టి చెప్పొచ్చా? 1991లో అమెరికాలో రాబర్ట్ టెర్రీ, ఎలియేజర్ మాస్లియా బృందం చనిపోయిన పేషెంట్ల మెదళ్లలో సినాప్టోఫైసిన్ స్టెయిన్ ఎంత బలంగా ఉందో కొలిచింది. బతికుండగా వాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షల్లో వచ్చిన మార్కులతో పోల్చింది. మచ్చల కంటే ఈ సినాప్స్‌ల తగ్గుదలే ఆ మార్కులతో బాగా కలిసింది. మనిషి మర్చిపోతున్నాడంటే కణాల మధ్య కబుర్లు ఆగిపోతున్నాయి అన్న ఆలోచనకి ఇది పెద్ద బలం ఇచ్చింది.

కానీ దీనికి మెదడు ముక్క కావాలి, బతికున్న మనిషిలో కుదరదు. అందుకని శాస్త్రవేత్తలు వెసికిల్స్ మీదే ఉండే ఎస్‌వీ2ఏ అనే ఇంకో ప్రోటీన్‌ని పట్టుకున్నారు. మూర్ఛకి ఇచ్చే లెవెటిరాసెటమ్ మాత్ర అంటుకునేది దానికే. దానికి అంటుకునే రేడియోధార్మిక రసాయనాన్ని ఎక్కించి, పెట్ స్కాన్‌లో సినాప్స్‌ల సాంద్రత చూడొచ్చని 2016లో చూపించారు. ఇది ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే వాడుతున్నారు. అలా ప్యాకెట్ ముద్రల లెక్క స్లైడ్ మీద నుంచి బతికున్న మనిషి స్కాన్ దాకా వచ్చింది.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్ట్ వస్తే, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలు ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. గ్రేడ్ ఎంత, కేఐ-67 ఎంత? సైజ్ ఎంత, అంచులు క్లీన్‌గా ఉన్నాయా? సినాప్టోఫైసిన్‌తో పాటు ఇంకే మార్కర్లు వేశారు? ఇంకా స్కాన్లు అవసరమా? ఇవి అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు.

రెండో అభిప్రాయం కావాలనిపిస్తే మళ్లీ కోయించుకోనక్కర్లేదు. ఆ మైనం బ్లాక్, స్లైడ్లు ల్యాబ్‌లో భద్రంగా ఉంటాయి. అడిగి తీసుకుని వేరే పాథాలజిస్ట్‌కి చూపించొచ్చు. అదే బ్లాక్ నుంచి కొత్త పొరలు కోసి మళ్లీ స్టెయిన్ వేస్తారు. ఒక చిన్న జాగ్రత్త. బ్లాక్ అంటే మైనం, ఎండాకాలం మధ్యాహ్నం పార్క్ చేసిన కారు డాష్‌బోర్డ్ మీద పెట్టి వెళ్లిపోకండి. రిపోర్ట్ పోతే ప్రింట్ తీసుకోవచ్చు, బ్లాక్ పోతే మళ్లీ రాదు.

ఇలాంటి ఎపిసోడ్ల తర్వాత ఎప్పుడూ వచ్చే ప్రశ్నలు రెండు చూసేద్దాం. ‘సినాప్టోఫైసిన్ నెగటివ్ అయితే క్యాన్సర్ లేనట్టేనా అన్నా?’ కాదు తమ్ముడూ. నెగటివ్ అంటే ఆ ముక్కలో ఆ ముద్ర కనపడలేదని మాత్రమే. వేరే జాతి ట్యూమర్ కావచ్చు, అసలు ట్యూమరే కాకపోవచ్చు. మిగతా రిపోర్ట్ చదవాలి. ‘రక్తపరీక్షతో ఇది తెలుస్తుందా?’ ఇప్పుడు మనం మాట్లాడుకున్నది కణజాలం మీద చేసే పరీక్ష, రక్తం మీద కాదు. రక్తంలో చూసే మార్కర్లు వేరే ఉన్నాయి, అవి ఎప్పుడు చేయాలో డాక్టర్ చెప్తారు. ఈ వీడియో చూసి మీ అంతట మీరు ఏ పరీక్షా చేయించుకోవద్దు, ఏ మందూ ఆపొద్దు.

ఆ 23 ఏళ్ల కుర్రాడి లాంటివాళ్లు మీ వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. ‘పాజిటివ్’ అన్న పదం చూసి గుండె జారిపోయినప్పుడు ముందు అడగాల్సింది, ‘దేనికి పాజిటివ్?’ అని. తర్వాత అడగాల్సింది, ‘పక్కన ఇంకేం చూశారు?’ అని. ఈ రెండూ అడిగేశాక గూగుల్ మూసేసి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో రిపోర్టుల్లో కనిపించే కేఐ-67 శాతాన్ని పాథాలజిస్టులు ఎలా లెక్కపెడతారో, ఇద్దరు లెక్కపెడితే రెండు నంబర్లు ఎందుకొస్తాయో చూద్దాం. మీ డౌట్లు కింద రాయండి, అన్నీ చదువుతాను. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను ఫ్రెండ్స్.